మన రాజ్యాంగాన్ని వ్రాసిందెవరు?

ప్రతి సంవత్సరం మార్చి 12వ తేదీ దగ్గరపడగానే మన పాఠశాలలలో నాలుగు రంగుల జెండా ఎగురవేస్తాము. జాతీయగీతం పాడిస్తాము. పిల్లలకు కేకు, పళ్ళరసం పంచుతాము. 1968లో స్వాతంత్ర్యం వచ్చిందనీ, 1992లో అదే తేదీన మన దేశం గణతంత్రమైనదనీ చెప్తాము. కాని ఆ రోజున అమలులోకి వచ్చిన రాజ్యాంగాన్ని ఎవరు వ్రాశారు, ఎక్కడ కూర్చుని వ్రాశారు, అందులో మన తెలుగువారి ఊసు ఏమైనా ఉన్నదా అని ఏ పిల్లవాడైనా అడిగితే మా ఉపాధ్యాయులలో చాలామందిమి తడబడతాము. మేమూ తడబడినవారమే. ఆ తడబాటు తీర్చుకోవడానికి చదివిన సంగతులను మన పత్రిక పాఠకులతో పంచుకోవాలని ఈ వ్యాసం వ్రాస్తున్నాము. మేము తెలుగు నేర్చుకున్నది మందిరం ప్రక్క గదిలో, సాయంకాలపు తరగతులలో. కాబట్టి భాషలో తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మన పూర్వీకులు విడిచి వచ్చిన భారతదేశంలో రాజ్యాంగసభ అని ఒకటి ఏర్పడింది. 1946 డిసెంబరు మొదలు సుమారు మూడు సంవత్సరాలు ఆ సభ కూర్చున్నది. ఒక్కొక్క నిబంధనను చర్చించి, మార్చి, ఆమోదించింది. ఆంధ్రదేశం నుండి దుర్గాబాయమ్మగారి వంటివారు ఆ సభలో కూర్చుని మాట్లాడారు. మన మారిషస్‌లో అటువంటి సభ ఏనాడూ కూర్చోలేదు. మన రాజ్యాంగం 1968 మార్చి 4వ తేదీన బ్రిటిష్ రాణిగారు ఇచ్చిన ఒక ఉత్తర్వుకు అనుబంధంగా వచ్చిన కాగితం. చట్టం దృష్టితో చూస్తే అంతే. అయితే కథ అంత చిన్నది కాదు. ఆ కాగితం వెనుక ఇరవై సంవత్సరాల బేరసారాలున్నాయి, కొట్లాటలున్నాయి. ఆ ఇరవై సంవత్సరాలకు మొదట్లో, చెరకు తోటల కాంపులలో, లాంతరు వెలుగులో పలకల మీద దిద్దిన అక్షరాలున్నాయి. వాటిలో తెలుగు అక్షరాలూ ఉన్నాయి.

కొంచెం వెనుక నుండి మొదలుపెడదాం. 1810లో ఆంగ్లేయులు ఈ దీవిని ఫ్రెంచివారి నుండి తీసుకున్నారు. 1835లో బానిసత్వం రద్దయింది. దానికి కాస్త ముందు, 1834లోనే, ఒప్పందపు కూలీలను ఓడలలో తేవడం మొదలైంది. కోరంగి, విశాఖపట్నం రేవుల ప్రాంతాల నుండి వచ్చిన మనవారిని ఇక్కడివారు కోరంగీలు అని పిలిచిన సంగతి మన పెద్దలందరికీ తెలిసిందే. ఈ దీవి పరిపాలనకు ఒక మండలి ఉండేది కాని అందులో గవర్నరు, ఆయన అధికారులు, ఆయన నియమించిన తోటల యజమానులు మాత్రమే ఉండేవారు. గవర్నరు పోప్ హెన్నెస్సీ కాలంలో, 1885లో, మొదటిసారి కొందరు సభ్యులను ఎన్నుకొనే హక్కు ఇచ్చారు. 1886లో ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన సభ్యులు పదిమంది. ఓటర్లు ఎంతమంది? సుమారు మూడు లక్షల అరవై వేల జనాభాలో నాలుగు వేల పైచిలుకు. ఆస్తి అయినా ఉండాలి, లేక నెలకు 50 రూపాయల ఆదాయమైనా ఉండాలి. తోటలో కూలివాని జీతం నెలకు 5 రూపాయల ప్రాంతంలో ఉండేది. ఇక లెక్క పాఠకులే వేసుకోవచ్చు.

ఆ ఏర్పాటు అరవై ఏళ్ళు నడిచింది. 1926లో గాని భారతీయ సంతతివారు ఇద్దరు ఎన్నిక కాలేదు. వారూ కలిగినవారే. తోటలలో పనిచేసేవారి మాట మండలి దాకా చేరాలంటే వేరే దారి పట్టవలసి వచ్చింది. 1936లో డాక్టర్ మోరిస్ క్యూరే లేబర్ పార్టీ స్థాపించారు. కూలీలకు జీతంతోపాటు ఓటు కూడా కావాలని ఆ పార్టీ అడిగింది. 1937లో యూనియన్ ఫ్లాక్ ఎస్టేటులో కాల్పులు జరిగి నలుగురు చనిపోయారు. 1943 సెప్టెంబరులో బెల్ వూ హరేల్‌లో మళ్ళీ కాల్పులు. అక్కడ చనిపోయినవారిలో గర్భవతి అయిన అంజలై కూపెన్ ఒకరు. ఈ రెండు సంఘటనలను మన చరిత్ర పుస్తకాలలో కార్మికోద్యమం అనే అధ్యాయంలో పెడతారు. మా అభిప్రాయంలో రాజ్యాంగచరిత్ర అధ్యాయంలో కూడా పెట్టాలి. ఆ కాల్పుల తరువాతనే ఓటుహక్కును ఎవరికి, ఎంతవరకు ఇవ్వాలన్న ప్రశ్న ప్రభుత్వం తప్పించుకోలేని ప్రశ్న అయింది.

గవర్నరు మెకెంజీ కెన్నెడీ సలహాసంఘాలను కూర్చోబెట్టారు. వాదోపవాదాలు చాలా జరిగాయి. అందరికీ ఓటు ఇస్తే చదువులేని కూలిజనం చేతికి దేశం పోతుందని కలవారి భయం. ఎవ్వరికీ ఇవ్వకపోతే తోటలు మళ్ళీ భగ్గుమంటాయని ప్రభుత్వం భయం. చివరకు మధ్యేమార్గంగా 1947 రాజ్యాంగం వచ్చింది. ఇరవైఒక్క ఏళ్ళు నిండిన స్త్రీ అయినా పురుషుడైనా, దీవిలో వాడుకలో ఉన్న భాషలలో ఏదో ఒకదానిలో చిన్న చిన్న వాక్యాలు చదవగలిగి, వ్రాయగలిగి, సంతకం చేయగలిగితే ఓటు ఉంటుంది. ఉత్తర్వులో ఆ భాషల పేర్లు వరుసగా వ్రాశారు. ఇంగ్లీషు, ఫ్రెంచి ఉన్నాయి. గుజరాతీ, హిందుస్తానీ, తమిళం, ఉర్దూ, చైనా భాష ఉన్నాయి. ఇక్కడి క్రియోల్ ఉన్నది. తెలుగు కూడా ఉన్నది.

ఈ సంగతి మేము మొదట చదివినప్పుడు పుస్తకం మూసి కొంతసేపు అలాగే కూర్చున్నాము. మా మామ్మ చెప్పిన కథ అప్పుడు అర్థమైంది. చిన్నతనంలో విన్నాము గాని అది రాజ్యాంగం కథ అని మాకు తెలియదు.

మా మామ్మ సవాన్ ప్రాంతంలో చెరకు తోటలో పనిచేసేది. పెళ్ళినాటికి ఆమెకు అక్షరం ముక్క రాదు. రామభజనకు వెళ్ళే మగవారు నలుగురైదుగురికి మాత్రం తెలుగు చదవడం వచ్చేది. ఆడవారికి నేర్పాలన్న ఆలోచన అంతవరకు ఎవరికీ కలుగలేదు. ఎన్నికల ముందు సంవత్సరం ఒక సాయంకాలం మందిరం పెద్ద ఇంటింటికీ వచ్చి, పేరు వ్రాయగలిగిన ప్రతివారికీ ఓటు ఉన్నది, ఆడవారికి కూడా, రండి అని పిలిచాడట. మా తాత ముందు నవ్వాడట. తరువాత తనే పలక కొని తెచ్చాడట. పొద్దున మూడింటికి లేచి వంటచేసి, పగలంతా చెరకులో ఉండి, రాత్రి లాంతరు దగ్గర కూర్చుని అ, ఆలు దిద్దింది. నేర్పినది పదిహేనేళ్ళ కుర్రవాడు. వాడిని గురువుగారూ అనాలా, ఒరే అనాలా అని తెలియక ఆడవారందరూ నవ్వుకొనేవారట. ఆమె నేర్చుకున్న వాక్యాలు రెండు. నేను సవానులో ఉంటున్నాను. నాకు నలుగురు పిల్లలు. మిగిలిన అక్షరాల సంగతి ఎలా ఉన్నా ఈ రెండు వాక్యాలు కళ్ళు మూసుకొని వ్రాయగలిగేది.

నమోదు చేసే అధికారి ముందు నిలబడి వ్రాసిందట. ఆయనకు తెలుగు రాదు. కాగితాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు త్రిప్పి చూసి, ప్రక్కనున్న గుమాస్తాను ఏమని వ్రాసింది అని అడిగాడట. గుమాస్తా చదివి చెప్పాడు. నాలుగో బిడ్డ పేరు ఏమిటి అని అధికారి అడిగాడట. మామ్మ ఈ మాట దగ్గర ఎప్పుడూ ఆగి నవ్వేది. ఆ నాలుగో బిడ్డ మా తండ్రిగారు.

మనవారొక్కరే ఇలా నేర్చుకున్నారనుకోరాదు. ప్రొఫెసర్ బసదేవ్ బిసూన్‌దోయాల్ నడిపిన జన ఆందోళన్ స్వయంసేవకులు ఊరూరా తిరిగి బైఠకాలలో వేలమందికి హిందీ అక్షరాలు నేర్పారు. ఆయనను ప్రభుత్వం పలుమార్లు జైలుకు పంపింది. తమిళులు తమ కోవిళ్ళలో నేర్చుకున్నారు. అక్షరపరీక్ష పెట్టినవారి ఉద్దేశం జల్లెడ పట్టడం. ఆ జల్లెడను మనవారు బడిగా మార్చుకున్నారు. అంతకు ముందు సుమారు 12,000 ఉన్న ఓటర్ల సంఖ్య 1948లో 70,000 దాటింది. ఆ సంవత్సరం ఆగస్టులో ఎన్నికలు జరిగాయి. ఎన్నికైన 19 స్థానాలలో పదకొండింటిని హిందువులు గెలిచారు. ఎమిలియెన్ రోష్‌కూస్త్ అనే మహిళ కూడా గెలిచారు. మన సవాన్, గ్రాన్ పోర్ జిల్లాలు కలిపి ఒక నియోజకవర్గం, దానికి మూడు స్థానాలు.

అయితే ముస్లింలు ఒక్కరూ గెలవలేదు. ఈ ఒక్క మాటను పాఠకులు జ్ఞాపకం పెట్టుకోవాలి. తరువాతి కథ అంతా దీని చుట్టూ తిరుగుతుంది. గవర్నరు నియమించే సభ్యులు 12 మంది, అధికారులు ముగ్గురు ఉన్నారు కాబట్టి ఎన్నికైనవారి బలం ఆ సభలో అంతగా సాగలేదు. కాని అంకెలు అందరూ చూశారు. రేపు నియామకాలు పోయి, అందరికీ ఓటు వస్తే సభ ఎలా ఉంటుందో ప్రతి ఒక్కరూ మనసులో లెక్క కట్టుకున్నారు. మనం సంతోషంగా కట్టుకున్న లెక్కనే మన ప్రక్క ఇంటివారు భయంగా కట్టుకున్నారు.

1953 తరువాతి పది సంవత్సరాలను త్వరగా దాటుదాం. ఆ యేట గెలిచిన లేబర్ పార్టీ బాధ్యతాయుత ప్రభుత్వం కావాలని కోరింది. 1955లో, 1957లో లండన్‌లో సమావేశాలు జరిగాయి. వలసల మంత్రి లెనాక్స్ బాయిడ్ అందరికీ ఓటు ఇస్తాం, కాని దామాషా పద్ధతి పెడతాం అన్నారు. అలా పెడితే ప్రతి జాతీ తన మూలలో తాను కూర్చుంటుందని లేబర్ పార్టీ వ్యతిరేకించింది. ట్రస్ట్రమ్ ఈవ్ సంఘం వచ్చి దీవిని 40 ఏకసభ్య నియోజకవర్గాలుగా విభజించింది. 1959 మార్చిలో మొదటిసారి అక్షరపరీక్ష లేకుండా వయోజనులందరూ ఓటు వేశారు. మామ్మ ఈ మార్పును అంతగా మెచ్చలేదు. కష్టపడి నేర్చుకున్నవారికీ నేర్చుకోనివారికీ ఒకటే అయిపోయిందని ఆమె ఫిర్యాదు! 1961లో మళ్ళీ లండన్ సమావేశం. పరిపాలనాధికారం మెట్టుమెట్టుగా ఎన్నికైనవారి చేతికి రావాలని ఒప్పందం. డాక్టర్ శివసాగర్ రామ్‌గులామ్ ముఖ్యమంత్రి, 1964లో ప్రీమియర్ అయ్యారు. అన్ని ముఖ్యపార్టీలతో కలిసి మంత్రివర్గం ఏర్పడింది.

మన రాజ్యాంగం కలం ఒక్కరి చేతిలో ఎక్కువగా ఉన్నదని చెప్పవలసివస్తే ఆ చేయి ఆచార్య ఎస్. ఎ. డి స్మిత్‌ది. ఆయన లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో న్యాయశాస్త్రం బోధించేవారు. 1961 నుండి మారిషస్‌కు రాజ్యాంగ సలహాదారు. ఆయన ఇక్కడికి వచ్చి అన్ని పక్షాలవారి మాట విన్నారు. సర్వాధికారం శాసనసభకే వదలకుండా రాజ్యాంగమే అత్యున్నత చట్టమని పెట్టడం, ప్రాథమిక హక్కుల అధ్యాయం, న్యాయస్థానాల స్వతంత్రత, ఉద్యోగుల నియామకాలు మంత్రుల చేతిలో పడకుండా సర్వీసు కమిషన్లు, ప్రజల ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్, ఇవన్నీ ఆ ఆలోచనలలో నుండి వచ్చినవే. హక్కుల అధ్యాయం మాటలు ఐరోపా మానవహక్కుల ఒడంబడిక నుండి నైజీరియా రాజ్యాంగం మీదుగా మన దాకా వచ్చాయి. ఐరోపాలో పుట్టిన మాటలు ఆఫ్రికాకు వెళ్ళి అక్కడి నుండి హిందూమహాసముద్రంలోకి రావడం మాకు వింతగా తోచింది. మన పూర్వీకుల ప్రయాణం కంటె అది పెద్ద ప్రయాణమే.

1965 సెప్టెంబరు 7వ తేదీన లండన్‌లో లాంకాస్టర్ హౌస్ అనే భవనంలో చివరి సమావేశం మొదలైంది. వలసల మంత్రి ఆంథొనీ గ్రీన్‌వుడ్ అధ్యక్షుడు. లేబర్ పార్టీ, సుక్‌దేవ్ బిసూన్‌దోయాల్‌గారి ఇండిపెండెంట్ ఫార్వర్డ్ బ్లాక్, అబ్దుల్ రజాక్ మొహమద్‌గారి ముస్లిం కార్యాచరణ సంఘం ఒక వైపు ఉన్నాయి. స్వాతంత్ర్యం కావాలన్నాయి. జూల్ కెనిగ్, గయెతాన్ దువాల్ నాయకులుగా పి.ఎం.ఎస్.డి. మరొక వైపు. బ్రిటన్‌తో అనుబంధం ఉంచాలి, ప్రజలను నేరుగా అడిగి తేల్చాలి అని వారి కోరిక. ఆ సంవత్సరం మే నెలలోనే మన దీవిలో త్రువా బుతిక్ దగ్గర జాతుల కొట్లాటలు జరిగి బ్రిటిష్ సైన్యం రావలసివచ్చింది. ఆ భయం అందరి వెంట లండన్ వరకు వెళ్ళింది.

మనవారిలో కొందరు పి.ఎం.ఎస్.డి. వారిని దేశద్రోహులని ఇప్పటికీ అంటారు. మేము అలా అనలేము. వారి వెంట నడిచిన క్రియోల్ కుటుంబాల భయం నటన కాదు. స్వాతంత్ర్యం తరువాత ఎంతమంది ఓడలెక్కి ఆస్ట్రేలియాకు, ఇతర దేశాలకు వెళ్ళిపోయారో మా తరంవారు పెద్దల నోట విన్నాము. అలాగే ముస్లిం నాయకులు స్వాతంత్ర్యానికి సరే అన్నారు గాని, 1948 మళ్ళీ రాకుండా కాగితం మీద హామీ కావాలన్నారు. అది న్యాయమైన కోరికే. సమావేశం సెప్టెంబరు 24న ముగిసింది. గ్రీన్‌వుడ్ స్వాతంత్ర్యం వైపు తీర్పు చెప్పారు. ముందు ఎన్నికలు జరగాలి, తరువాత ఏర్పడే సభ కోరితే స్వాతంత్ర్యం ఇస్తాం అన్నారు. ప్రజాభిప్రాయ సేకరణ ఉండదన్నారు. పి.ఎం.ఎస్.డి. వారు ఆ ముగింపును అంగీకరించలేదు.

ఆ ముందురోజు, సెప్టెంబరు 23న, ఇంకొక గదిలో ఇంకొక మాట జరిగింది. ప్రధాని హెరాల్డ్ విల్సన్ రామ్‌గులామ్‌గారిని పిలిచి మాట్లాడారు. ఆ రోజే చాగోస్ దీవులను మారిషస్ నుండి విడదీయడానికి మనవారు ఒప్పుకున్నారని వ్రాసుకున్నారు. పరిహారం 30 లక్షల పౌండ్లు. నవంబరు 8న ఆ దీవులు బ్రిటిష్ హిందూమహాసముద్ర ప్రాంతం అనే క్రొత్త వలస అయ్యాయి. అక్కడి ప్రజలను ఆ తరువాతి సంవత్సరాలలో దీవుల నుండి తరలించారు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు. స్వాతంత్ర్యం కోసం కూర్చున్నవాడు ఎదుటివాని మాట కాదనగలడా? 2019 ఫిబ్రవరిలో అంతర్జాతీయ న్యాయస్థానం ఈ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఆ విడదీత ప్రజల స్వేచ్ఛాసమ్మతితో జరగలేదనీ, మారిషస్ విముక్తి చట్టబద్ధంగా పూర్తి కాలేదనీ అభిప్రాయం ఇచ్చింది. 2025 మే 22న బ్రిటన్, మారిషస్ ఆ దీవుల విషయంలో ఒక ఒడంబడిక మీద సంతకాలు చేశాయి. అంటే మన రాజ్యాంగం వ్రాసినప్పుడు దేశం సరిహద్దు ఎక్కడిదాకా అన్న ప్రశ్నే ఇంకా తేలలేదు.

ఇక ఎన్నికల పద్ధతి. 1966లో సర్ హెరాల్డ్ బాన్‌వెల్ సంఘం వచ్చింది. దీవికి 20 నియోజకవర్గాలు, ఒక్కొక్కదానికి ముగ్గురు సభ్యులు, రోద్రిగ్ దీవికి ఇద్దరు, మొత్తం 62 అని చెప్పింది. దానితోపాటు చిన్న సమాజాలకు, చిన్న పార్టీలకు అన్యాయం జరిగితే సరిచేసే కొన్ని స్థానాలను కూడా సూచించింది. ఆ లెక్కలు లేబర్ పార్టీకి, దాని మిత్రులకు నచ్చలేదు. గొడవ పెద్దదైంది. జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ మంత్రి వచ్చి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి ఒక రాజీ కుదిర్చారు. దానినే మనం బెస్ట్ లూజర్ పద్ధతి అంటాము. ఓడినవారిలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న ఎనిమిదిమందిని సభలోకి తీసుకుంటారు, సభలో తక్కువైన సమాజానికి చెందినవారిని చూసి. కాబట్టి సభ సంఖ్య 70 వరకు వెళ్తుంది.

మన రాజ్యాంగం అంతటిలో మనదైన భాగం ఏదంటే ఇదే అని మేము అనుకుంటాము. మిగిలినవి చాలా వలసలకు ఇచ్చిన రాజ్యాంగాలలోనూ ఉన్నాయి. ఈ ఎనిమిది స్థానాలు మాత్రం మన భయంలో నుండి, మన బేరంలో నుండి పుట్టాయి. 1967 ఆగస్టు 7న ఎన్నికలు జరిగాయి. రోద్రిగ్ వారికి అదే మొదటి ఓటు. స్వాతంత్ర్యం కోరిన కూటమికి 39 స్థానాలు, పి.ఎం.ఎస్.డి.కి 23. బెస్ట్ లూజర్లు చెరి నలుగురు. స్థానాలలో తేడా పెద్దదిగా కనిపించినా ఓట్లలో చూస్తే వందకు 43, 44 మంది వద్దన్నారు. ఆ ఆగస్టు 22న సభ స్వాతంత్ర్యం కోరుతూ తీర్మానించింది. 1968 జనవరిలో పోర్ట్ లూయిస్‌లో మళ్ళీ కొట్లాటలు. ముస్లింలు, క్రియోళ్ళు ఒకరి ఇళ్ళు ఒకరు విడిచి పారిపోయారు. మళ్ళీ సైన్యం వచ్చింది. రాణిగారి తరపున రావలసిన రాజకుమారి అలెగ్జాండ్రా ప్రయాణం మానుకున్నారు. మార్చి 12 మధ్యాహ్నం షాన్ ద మార్స్ మైదానంలో జెండా ఎగిరింది.

అలా వచ్చిన కాగితంలో మనం ఎక్కడ ఉన్నాము? మొదటి అనుబంధం తీసి చూడండి. మారిషస్ జనాభాలో హిందూ సమాజం, ముస్లిం సమాజం, చీనీ మారిషస్ సమాజం ఉన్నాయని అందులో ఉన్నది. జీవనవిధానాన్నిబట్టి చూస్తే ఈ మూడింటిలో దేనికీ చెందనివారందరూ సాధారణ జనాభా అనే నాలుగవ సమాజమట. తెలుగు అన్న మాట లేదు. తమిళం, మరాఠీ అన్న మాటలూ లేవు. 1947 ఉత్తర్వులో భాషగా పేరు పెట్టి పిలిచిన మనలను 1968 కాగితం హిందూ అనే పెద్ద గోనెసంచిలో వేసి మూతి కట్టింది. ఎన్నికలో నిలబడేవారు ఈ నాలుగింటిలో తమది ఏదో వ్రాసి ఇవ్వాలి. ఇంకొక సంగతి. 33వ సెక్షను ప్రకారం సభ్యుడు కాదలచినవారికి సభలో పాల్గొనగలిగినంత ఇంగ్లీషు రావాలి. 49వ సెక్షను ప్రకారం సభ భాష ఇంగ్లీషు, ఫ్రెంచిలో కూడా మాట్లాడవచ్చు. క్రియోల్‌లో వ్రాసి ఓటు తెచ్చుకున్నవారికి సభలో ఆ భాషకు చోటు పెట్టలేదు.

మన పేరు లేకపోవడం మంచిదా చెడ్డదా అని మాలో మాకు వాదన ఉన్నది. ఉండవలసింది, లేకపోవడం వల్ల సభలో మనవారి సంగతి ఎవరూ లెక్కించరని కొందరు అంటారు. పేరు పెడితే ప్రతి గుంపూ పేరు అడుగుతుంది, దేశం ముక్కలవుతుందని మరికొందరు. మేము చాలాకాలం మొదటి పక్షంలో ఉన్నాము. ఇప్పుడు రెండవ పక్షం వైపు వచ్చాము, పూర్తిగా కాదు. మన భాషను లెక్కించవలసిన చోటు బడి, జనాభా లెక్క. జనాభా లెక్కల కాగితంలో పూర్వీకుల భాష అనే ప్రశ్న ఉంటూ వచ్చింది, అక్కడ తెలుగు అని వ్రాయవచ్చు. సమాజం ఏది అన్న ప్రశ్న మాత్రం 1972 లెక్కలతో ఆగిపోయింది. 1982లో ఆ ప్రశ్నను తీసివేసి, బెస్ట్ లూజర్ స్థానాలకు 1972 అంకెలనే వాడాలని నిర్ణయించారు. అప్పుడు పుట్టనివారు ఇప్పుడు తాతలవుతున్నా లెక్క మాత్రం అదే!

తాము ఏ సమాజమో వ్రాయము, మేము మారిషస్‌వారము అని కొందరు యువకులు నామినేషను కాగితంలో ఖాళీ వదిలారు. వారి నామినేషన్లు త్రోసివేయబడ్డాయి. వారు ఐక్యరాజ్యసమితి మానవహక్కుల సంఘానికి వెళ్ళారు. 2012లో ఆ సంఘం వారి పక్షాన అభిప్రాయం చెప్పింది. నలభై ఏళ్ళ నాటి అంకెలతో మనిషిని ఒక గడిలో పెట్టడం సరికాదన్నది. 2014 ఎన్నికలకు మాత్రం వ్రాయకపోయినా నిలబడవచ్చని తాత్కాలికంగా ఒక చట్టం చేశారు.

రాజ్యాంగాన్ని మార్చే అధికారం మన సభకు వచ్చాక సభ దానిని మంచికీ వాడింది, చెడుకూ వాడింది. 1972లో రావలసిన ఎన్నికలను 1976కు వాయిదా వేసింది. నాలుగేళ్ళు ఓటు లేదు! మామ్మకు వచ్చిన కోపం మా తండ్రిగారు ఎన్నోసార్లు చెప్పారు. 1975లో ఓటు వయస్సు పద్ధెనిమిదికి తగ్గించింది. 1991లో ఒక గట్టి తాళం కూడా వేసింది. దేశం ప్రజాస్వామ్య రాజ్యమన్న మొదటి సెక్షనును గాని, ఐదేళ్ళకు ఒకసారి ఎన్నికలు జరగాలన్న నియమాన్ని గాని మార్చాలంటే ఓటర్లలో నాలుగింట మూడు వంతులు ఒప్పుకోవాలి, తరువాత సభలో ఒక్కరు కూడా కాదనకూడదు. 1968లో మనలను అడగకుండా వ్రాసిన కాగితంలో మనలను అడిగితీరాలన్న మాట ఇలా చేరింది.

పోయిన సంవత్సరం మా సాయంకాలపు తరగతిలో మొదటి అనుబంధంలోని ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చి నల్లబల్ల మీద వ్రాశాము. పదకొండేళ్ళ అమ్మాయి ఒకతె, వాళ్ళ నాయన తెలుగువాడు, తల్లి క్రియోల్, వ్రాసుకుంటూ వ్రాసుకుంటూ ఆగింది. మాస్టారూ, జీవనవిధానం అంటే ఏమి చూస్తారు, ఇంట్లో వండేదా, మాట్లాడేదా, మ్రొక్కేదా అని అడిగింది. మా ఇంట్లో అన్నీ రెండు రెండు ఉన్నాయి అన్నది. చట్టంలో అది వివరించలేదమ్మా అని చెప్పి, ఆమె వ్రాసుకొనేదాకా నల్లబల్ల తుడవకుండా ఉంచాము.